ఆహార కర్మాగారములో కాపలా కెమేరా

పొయ్యిమీద పాలు పెట్టి పక్కకు పోరాదని మన ఇండ్లలో పెద్దలు చెబుతారు. రెండు శేర్ల పాలకే ఒక మనిషి కన్ను అవసరమైనప్పుడు, వేల లీటర్ల పాలు నిలువచేసే చోట ఎన్ని కళ్ళు కావాలి? కొమరోలు, గిద్దలూరు ప్రాంతములో పల్లెల నుండి ఉదయము, సాయంకాలము వచ్చే పాలను శీతలీకరణ కేంద్రములలో సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లార్చి, లారీ వచ్చేవరకు పెద్ద తొట్లలో ఉంచుతారు. అట్టి చోట్ల ఇప్పుడు గోడమీద కెమేరా కూడా కనిపిస్తుంది. తొట్టి కడగటానికి వేళ ఉన్నది, తూకము సరిచూడటానికి వేళ ఉన్నది; కెమేరాను పరీక్షించే వేళ మాత్రము చాలా చోట్ల లేదు.

మా ప్రాంతములోనే ఒక కేంద్రములో జరిగిన సంగతి చెబుతాను. భౌతికశాస్త్రము చెప్పేవాడినని నన్ను పిలిచారు. ఒక ఉదయము తొట్టి మూత తెరచి ఉన్నది. పాలను పరీక్షిస్తే దోషమేమీ కనబడలేదు; అయినా జాగ్రత్తకొద్దీ ఆ పాలను పారబోశారు. నష్టము ఎవరివల్ల? కెమేరా రికార్డులో రాత్రి 10 గంటల 40 నిమిషాలకు ఎవరో తొట్టివద్దకు పోయి మూత ఎత్తినట్లు ఉన్నది. ముఖము ఆనవాలు తెలియదు, తెల్లని పొగమంచువంటి మసక. రాత్రి 11 వరకు పనిలో ఉన్నవాడు ఒక్కడే కనుక నేరము అతనిమీద పడినది. “సారూ, ఆ మూత నేను ముట్టుకోలేదు” అన్నాడే కాని, అతనివద్ద వేరే సాక్ష్యము లేదు. కెమేరా అబద్ధమాడదు గదా అని అందరి నమ్మకము.

ఆ నమ్మకము ఎంతవరకు సరియైనదో చూద్దాము. కెమేరాలో ముందు కటకము, దాని వెనుక గోరంత సిలికాను పలక ఉంటాయి. వెలుతురు పడినప్పుడు ఆ పలకలోని లక్షలాది చిన్న గదులలో విద్యుదావేశము చేరుతుంది. ఏ గదిలో ఎంత చేరినదో కొలిచి అంకెలుగా మార్చితే చిత్రము తయారవుతుంది. ఈ మార్గమునకు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పునాది వేశారు; 2009లో వారికి నోబెల్ బహుమానము లభించినది. నేటి కెమేరాలలోని పలక నిర్మాణము వేరైనా, వెలుతురును ఆవేశముగా మార్చే సూత్రము అదే.

సిలికాను మన కన్నుకు కనబడని పరారుణ కిరణాలను కూడా కొంతవరకు గ్రహిస్తుంది. కనుక రాత్రివేళ కెమేరా చుట్టూ ఉన్న చిన్న పరారుణ దీపాలు వెలిగి, చీకటిలోనూ చిత్రము వస్తుంది. చిక్కు ఇక్కడనే మొదలైనది. ఆ కెమేరా ముందు సాలెపురుగు గూడు అల్లినది. దీపానికి గూడు 5 సెంటీమీటర్ల దూరములో, మనిషి 5 మీటర్ల దూరములో ఉన్నారనుకోండి. దూరము నూరు రెట్లు. వెలుతురు దూరము వర్గమునుబట్టి తగ్గుతుంది కనుక, మనిషిమీద కంటే గూటిమీద పదివేల రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. గూడు తెల్లగా మెరుస్తుంది, మనిషి నీడగా మిగులుతాడు. పగలు ఈ గూడు తెరమీద కనబడనే కనబడదు. కనుక కెమేరాను పగలు ఒకసారి, దీపాలార్పిన తరువాత మరొకసారి చూడవలె. పగటి పరీక్ష ఒక్కటే చేసి సంతకము పెట్టినవారిని నేను చాలామందిని ఎరుగుదును.

ఆహార కర్మాగారములో బూజుతోపాటు ఆవిరి కూడా శత్రువే. వేడినీళ్ళతో గచ్చు కడిగినప్పుడు గాలి తేమతో నిండుతుంది. చల్లని గది గుమ్మము వద్దనున్న కెమేరా గాజుమీద ఆ తేమ మంచుబిందువులుగా పేరుకొంటుంది. పైన పట్టిన తేమ తుడిస్తే పోతుంది. లోపల పట్టినదైతే తీగ దూరే రంధ్రము వద్ద రబ్బరు పట్టీ సడలినదని గుర్తు. పట్టీ మార్చి, లోపలి తేమను పీల్చే సిలికా జెల్ పొట్లమును కూడా మార్చవలె. ఇంకొక సంగతి. పాలగొట్టాలు కడిగే కాస్టిక్ సోడా ద్రావణముతోనే కెమేరా బుడగను కూడా తుడిచేవారున్నారు. ఆ బుడగ తరచుగా గాజు కాదు, పాలికార్బొనేటు అనే ప్లాస్టిక్కు. క్షారము దానిని తినివేసి మసకబారుస్తుంది. ఒకసారి మసకబారితే ఎంత తుడిచినా తిరిగిరాదు. సబ్బునీటిలో పిండిన మెత్తని గుడ్డ చాలును.

తెరచి ఉన్న తొట్టికి సరిగా పైన కెమేరా బిగించరాదు. దానిమీది నీటిచుక్క, దుమ్ము, సడలిన మర ఏదైనా పాలలోనే పడుతుంది. కాపలా పెట్టిన వస్తువే కల్తీకి కారణమైతే ఏమి ప్రయోజనము? పక్కగోడమీద పెట్టి, వాలుగా చూచేటట్లు అమర్చవలె.

ఇంత శ్రమ ఎందుకని అనుకోవచ్చు. 2013 చివర జపానులో ఒక కర్మాగారములో తయారైన శీతల ఆహార పదార్థాలలో మలాథియాన్ అనే పురుగుమందు బయటపడినది. లక్షలాది పొట్లాలను వెనుకకు పిలిపించారు. 2014 జనవరిలో ఆ కర్మాగారపు ఉద్యోగినే అరెస్టు చేశారు. దొంగ బయటనుండియే వస్తాడని గేటువద్ద మాత్రము కెమేరా పెట్టేవారు అప్పటినుండి లోపలి గదుల సంగతి కూడా ఆలోచించసాగారు. మన రాష్ట్రములో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము జనసమ్మర్దముగల సంస్థలలో కెమేరాలుండవలెననీ, చిత్రములను 30 రోజులు భద్రపరచవలెననీ విధించినది. పారిశ్రామిక సంస్థలు కూడా అందులో చేరినవే.

ముప్పది రోజులంటే ఎంత చోటు కావాలో లెక్క వేయవచ్చు. ఒక కెమేరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుందనుకొంటే రోజుకు సుమారు 21.6 గిగాబైట్లు, ఎనిమిది కెమేరాలకు 173 గిగాబైట్లు. 4 టెరాబైట్ల డిస్కు 23 రోజులకే నిండుతుంది. నిండిన తరువాత రికార్డరు ఏమి చేస్తుంది? మార్కాపురము పలకమీద పిల్లవాడు చేసేదే: పాతది చెరిపి కొత్తది వ్రాస్తుంది. ఎవరికీ చెప్పదు. బొమ్మ స్పష్టముగా రావాలని ఎవరైనా 4 మెగాబిట్లకు పెంచితే, 11 రోజుల క్రిందటిది ఉండదు. కనుక డిస్కు ఉన్నదని తృప్తి పడక, అందులో అన్నిటికంటె పాత చిత్రము ఏ తేదీదో తీసి చూడవలె.

మూత సంగతికి తిరిగి వద్దాము. నేను రికార్డు తిప్పుతుండగా ఆ రాత్రి 9 గంటల 17 నిమిషాలకు చిత్రము తెగిపోయినట్లు కనబడినది. కరెంటు పోయి ఉంటుంది. సబ్‌స్టేషను పుస్తకములో అడిగి చూడగా, కరెంటు పోయినది 10 గంటల 5 నిమిషాలకు. రికార్డరు గడియారము 48 నిమిషాలు వెనుకబడి ఉన్నది! అనగా మూత ఎత్తినది 10–40కి కాదు, 11–28కి. అప్పటికి పని మారి మరొకరు వచ్చారు. అతనిని పిలిచి అడిగితే, నమూనా తీసి మూత వేయటము మరచితినని దాచకుండా ఒప్పుకున్నాడు.

గడియారము ఎందుకు వెనుకబడినది? దానిలోని స్ఫటికము సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సుమారు 25 డిగ్రీల వద్ద అది సరిగా నడుస్తుంది. వేడి ఎక్కినా, చలి ఎక్కినా నెమ్మదిస్తుంది. ఆ రికార్డరును రేకుల కప్పు క్రింద, మూసిన చెక్కబీరువాలో పెట్టారు. లోపల 50 డిగ్రీల వేడి ఉంటే రోజుకు దాదాపు రెండు సెకన్లు పోతాయి. రోజుకు రెండు సెకన్లను ఎవరు గమనిస్తారు? బిగించి నాలుగేండ్లు కావస్తున్నది, ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. లెక్క సరిగా 48 నిమిషాలకే వచ్చినది. బిళ్ళ బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే తేదీయే మారిపోయి వెంటనే తెలిసేది. ఇంటర్నెట్టు ఉన్నచోట గడియారము తనంతట తాను సరిపడేటట్లు అమర్చవచ్చును. లేనిచోట వారానికొకసారి చేతితో సరిచేయవలె. బీరువా తలుపుకు గాలి ఆడే రంధ్రాలు పెట్టిస్తే డిస్కు కూడా ఎక్కువకాలము మన్నుతుంది. ఎలుకలు తీగ కొరకకుండా గొట్టములో వేయటము మరువరాదు.

నేను వారికి సూచించిన పరీక్ష సులభమైనది. ఒక మనిషి పలకమీద తేదీ, సమయము వ్రాసుకొని ప్రతి కెమేరా ఎదుట, పని జరిగే దూరములో, పది సెకన్లు నిలబడవలె. రాతిపలక పనికిరాదు, పగిలితే ముక్కలు, సుద్ద రాలితే పొడి. తెల్లని ప్లాస్టిక్కు పలక మంచిది. మరునాడు మరొకరు, తెరమీది ప్రత్యక్ష చిత్రము కాక, రికార్డు తీసి ఆ అంకెలను చదివి పుస్తకములో వ్రాయవలె. తెరమీద బొమ్మ కదులుతున్నా డిస్కు చెడి ఏమీ నమోదు కాని సందర్భాలు ఉంటాయి. పలకమీది సమయమునకు, చిత్రముమీద పడిన సమయమునకు తేడా వ్రాసుకొంటే గడియారము నడక తెలుస్తుంది. అంకె 3 అని ఒకరు, 8 అని ఒకరు వాదులాడుకొంటే ఆ కెమేరా అద్దము తుడిచే రోజు వచ్చినదన్నమాట.