నేర్పా, ఆవిష్కరణా?

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక ఫిట్టరు తన పనిముట్టును కాస్త సవరించి పని సులువు చేసుకుంటే దానిని ఎవరూ ఆవిష్కరణ అనరు. అనుభవమున్న పనివాడు చేయదగిన పనే అది. మరి నేర్పు ఎక్కడ ముగుస్తుంది, ఆవిష్కరణ ఎక్కడ మొదలవుతుంది? తరతరాలుగా తెలుగు కుటుంబాలు రైల్వే కొలువులలో స్థిరపడిన ఈ ఊరి ఐ.ఐ.టి.లో 2006లో వెలసిన మేధాసంపత్తి న్యాయ విద్యాలయానికి ఇది నిత్యప్రశ్న.

శబ్దం వినబడగానే తనంత తానే పనిచేసి, నిశ్శబ్దంలో ఆగిపోయే రికార్డరును తీసుకుందాం. మైక్రోఫోను పాతది, రికార్డరు పాతది, సంకేతం బలం హద్దు దాటగానే స్విచ్చు వేసే రిలే మరీ పాతది. ఈ మూడింటినీ ఒకే పెట్టెలో చేర్చినవారికి 20 ఏళ్ల గుత్తహక్కు ఇస్తే, వీధి చివరి రేడియో మెకానిక్కు కూడ దానిని తయారుచేసి అమ్మరాదు.

మీర్జాపూరు పాత్రల తయారీదార్ల వివాదంలో 1978లో సుప్రీం కోర్టు ఇదే తూచింది. లేతు యంత్రంపై పాత్రను పట్టి ఉంచే సాధనానికి లభించిన పేటెంటు చెల్లదన్నది. వర్క్‌షాపు మెరుగుదలను మించినదేదో ఉండాలి. సర్దుబాటు పెడలుకు ఎలక్ట్రానిక్ సెన్సరు జోడించిన వ్యాజ్యంలో 2007లో అమెరికా సుప్రీం కోర్టూ ఇంచుమించు ఆ దారినే నడిచింది.

అయితే మన రికార్డరుకు ఒక మొండి లోపముంది. మాట విన్న తర్వాత గదా మోటారు కదిలేది! అది వేగమందుకునేలోగా తొలి అక్షరం జారిపోతుంది. సాక్షి “అన్యాయం” అంటే టేపుపై “న్యాయం” మిగులుతుంది. గడచిన కొద్ది క్షణాల ధ్వనిని ఎల్లవేళలా జ్ఞాపకంలో నిలిపి, పాతది చెరిపివేస్తూ, మాట వినబడగానే దానిని ముందు అతికించే ఉపాయం దీనికి విరుగుడు. ఇది కేవలం కూర్పు కాదు, వినకముందే వినిపెట్టుకొనడం.

విన్నాక “ఓస్, ఇంతేనా” అనిపించడమే ఇక్కడి ప్రమాదం. పరీక్షాధికారి నేటి కళ్లతో చూడరాదు. దరఖాస్తు నాటికి ఆ రంగంలో సామాన్య నిపుణునికి తెలిసినదేమిటి, ఈ లోపం అతనిని ఎంతకాలం బాధించింది, ఈ దారి పట్టడానికి ఏ లిఖిత సూచన అయినా ఉన్నదా అని విచారించవలసి ఉంటుంది. నేడు ఆ ఉపాయం జగమెరిగినదే గనుక, ఇప్పుడు ఖరగ్‌పూర్ నుంచి ఎవరైనా దానినే కలకత్తా పేటెంటు కార్యాలయానికి పంపితే తిరిగివస్తుంది. తొలిసారి పంపినవాని సంగతి వేరు. అతని తేదీకి ముందటి ఏ పాత సంచికలోనో ఆ “అ”ను నిలిపే తోవ అచ్చయి ఉందేమో వెదకాలి.