నీటిని విసిరే చక్రం

నీరు పల్లమెరుగునని సామెత. ఆ నీటిని మెరకకు ఎక్కించడానికి తెలుగు రైతు తరతరాలుగా గూడ, ఏతం, మోట వంటి సాధనాలను ఆశ్రయించాడు. నేడు ఆ శ్రమలో అధికభాగాన్ని అరచేతి వెడల్పు గల ఒక చక్రం మోస్తున్నది. దానినే ఇంపెల్లర్ అంటారు. అపకేంద్ర పంపుకు ప్రాణం అదే.

మోటారు ఇరుసుతోపాటు ఇంపెల్లర్ తిరుగుతుంది. దాని నడిమి రంధ్రంలోకి వచ్చిన నీటిని రెక్కలు అంచుల వైపు విసురుతాయి. అందువల్ల నడుమ పీడనం తగ్గుతుంది. బావిలోని నీటిని వాతావరణ పీడనం పైకి నెడుతుంది. అంచు నుండి వడిగా వెలువడిన నీరు నత్తగుల్లను పోలిన తొడుగులో క్రమంగా నెమ్మదించి, తన వేగాన్ని పీడనంగా మార్చుకుంటుంది. ఆ పీడనమే నీటిని గొట్టంలో పైకి ఎక్కిస్తుంది.

రెక్కలు చక్రం తిరిగే దిశకు వంగి ఉంటే, దోసిలితో చల్లినట్లు నీటిని మరింత బలంగా విసురుతాయి కదా అనిపించడం సహజం. అది నిజమే కాని, పంపుకు అది మేలు కాదు. 17వ శతాబ్దం చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ నిర్మించిన పంపులో రెక్కలు తిన్నగా ఉండేవి. 1851లో లండన్ మహాప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ వెనుకకు వంగిన రెక్కల పంపును ప్రదర్శించాడు. నాటి పరీక్షలలో తిన్నని రెక్కల దక్షత 24 శాతం కాగా, వంపు రెక్కల దక్షత 68 శాతం! వెనుకకు వంగిన రెక్కల నుండి నీరు మితమైన వేగంతో వెలువడుతుంది. మితిమీరిన వేగం పీడనంగా మారక, సుడులలో వృథా అవుతుంది. పైగా ముందుకు వంగిన రెక్కలు ప్రవాహం పెరిగేకొద్దీ మోటారుపై అధిక భారం మోపుతాయి.

రెక్కలకు ఇరువైపులా పళ్ళెం వంటి మూత ఉన్న ఇంపెల్లర్ తేట నీటికి తగినది. బురద, పీచు కలిసిన నీటికి మూతలేనిదో, ఒకవైపు మాత్రమే మూత ఉన్నదో కావాలి. అన్నింటికీ మేలైన ఇంపెల్లర్ ఏదని అడగడం, అన్ని నేలలకూ తగిన నాగలి ఏదని అడగడం వంటిది.

వాతావరణ పీడనం నీటిని 10 మీటర్లకు మించి ఎత్తలేదు. ఆచరణలో 7 మీటర్లే గగనం. భూగర్భజలం అంతకన్నా లోతుకు దిగినచోట గట్టుమీది పంపు ఎంత పెద్దదైనా నిష్ప్రయోజనం. అందుకే పంపును బోరుబావిలోకే దింపుతారు. బోరు ఇరుకు గనుక ఇంపెల్లర్ వెడల్పు పెంచే వీలు లేదు. ఒకే ఇరుసుపై అనేక ఇంపెల్లర్లను పేర్చగా, ఒకటి నెట్టిన నీటిని దాని పైది అందుకొని పీడనాన్ని మరింత పెంచుతుంది.

నీటితోపాటు వచ్చే ఇసుక ఈ చక్రాలను అరగదీస్తుంది. అరిగిన కొద్దీ అంతే విద్యుత్తుకు అందే నీరు తగ్గుతుంది. 2004 నుండి సేద్యానికి విద్యుత్తు ఉచితమైనందున ఈ నష్టం రైతు కంటబడదు. నీరు తగ్గగానే పెద్ద మోటారు కొనాలన్న ఆలోచనే ముందు కలుగుతుంది. బోరులో నీరున్నంతవరకు, పంపు విప్పి అరిగిన ఇంపెల్లర్లను మారిస్తే పాత మోటారే చాలవచ్చు.