మూత్రపిండ వ్యాధి ఉన్న పిల్లల్లో అధిక రక్తపోటు: తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో బాధపడే పిల్లల్లో దాదాపు సగం మందికి అధిక రక్తపోటు ఉంటుంది. ఉత్తర అమెరికాలో ఇటువంటి పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న ఒక అధ్యయనం 2008లో వెల్లడించిన లెక్క ప్రకారం ఆ సంఖ్య నూటికి 54. రక్తపోటుకు మందులు వాడుతున్న పిల్లల్లో సైతం నూటికి 48 మందికి అది అదుపులో లేదని అదే అధ్యయనం తేల్చింది. వ్యాధి ఉన్నదని తెలిసి, పెద్దాసుపత్రుల పర్యవేక్షణలో ఉన్న పిల్లల సంగతి ఇది. ఆసుపత్రి గడప తొక్కని పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నరసాపురం పారిశ్రామికవాడలోనూ, కోలారు, కె.జి.ఎఫ్. పట్టణాల్లోనూ ఉపాధి నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. మూత్రపిండ వ్యాధి అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. అయితే అక్కడి వ్యాధి ప్రధానంగా పెద్దవారిది. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. పిల్లల్లో వచ్చే వ్యాధి తీరు వేరు. మూత్రపిండాలు గాని మూత్రనాళాలు గాని పుట్టుకతోనే సరిగా రూపొందకపోవడం, మూత్రం వెనుకకు ఎగదన్నడం, మగశిశువుల మూత్రమార్గంలో అడ్డుపొరలు ఉండటం, మూత్రపిండాలలోని వడపోత గుచ్ఛాలకు వాపు రావడం పిల్లల్లో కనిపించే ముఖ్య కారణాలు.

రెండింటికీ ఉన్న లంకె

మూత్రపిండం రక్తాన్ని వడపోసే అవయవం మాత్రమే కాదు. శరీరంలో ఉప్పు, నీరు ఎంత నిలవాలో నిర్ణయించేదీ అదే. అది దెబ్బతిన్నప్పుడు ఉప్పు, నీరు శరీరంలో మిగిలిపోయి రక్తనాళాలపై ఒత్తిడి పెరుగుతుంది. దీనికి తోడు, తనకు రక్తం చాలడం లేదని భ్రమించిన మూత్రపిండం రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి. కొందరు పిల్లలకు మూత్రపిండ వ్యాధి చికిత్సలో భాగంగా ఇచ్చే స్టెరాయిడ్ మందులు కూడా రక్తపోటును పెంచుతాయి.

పెరిగిన ఒత్తిడి తిరిగి మూత్రపిండాన్నే దెబ్బతీస్తుంది. సన్నని వడపోత గుచ్ఛాలు ఆ ఒత్తిడికి చెడిపోతాయి. మూత్రంలో మాంసకృత్తులు పోవడం మొదలవుతుంది. మిగిలిన గుచ్ఛాలపై భారం మరింత పెరుగుతుంది. వ్యాధి వల్ల రక్తపోటు, రక్తపోటు వల్ల వ్యాధి పెరగడమనే ఈ విషవలయాన్ని తెంచడానికి వైద్యుల చేతిలో ఉన్న బలమైన సాధనం రక్తపోటును తగ్గించడమే. గుండె సంగతీ మరువరాదు. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పనిచేసి పనిచేసి గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. మూత్రపిండ వ్యాధికీ గుండె పెరగడానికీ సంబంధం ఉన్నదని లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1836లోనే గుర్తించారు.

పిల్లల లెక్క వేరు

పెద్దలకు 120/80 మంచి రక్తపోటు. అదే అంకె అయిదేళ్ల బిడ్డకు ప్రమాదకరమైన అంకె. పిల్లల రక్తపోటును వయస్సు, ఎత్తు, ఆడా మగా అన్న మూడింటినీ బట్టి పట్టికలతో సరిచూస్తారు. అమెరికా శిశువైద్యుల సంఘం 2017లో ప్రకటించిన పట్టిక ప్రకారం అయిదేళ్ల బాలునికి 103/63, బాలికకు 104/64, పదేళ్ల బాలునికి 108/72, బాలికకు 109/72 చేరినా దాటినా మళ్లీ శ్రద్ధగా కొలిచి పరిశీలించాలి. పదమూడేళ్లు నిండిన వారికి 130/80 చేరితే అధిక రక్తపోటుగానే లెక్కిస్తారు. కనుక బిడ్డకు రక్తపోటు చూసి ఎవరైనా "మామూలుగానే ఉంది" అన్నప్పుడు, అది వయస్సుకూ ఎత్తుకూ తగిన పట్టికతో సరిచూసి చెప్పిన మాటేనా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఆరోగ్యవంతులైన పిల్లలకు మూడేళ్ల వయస్సు నుంచి ఏడాదికొకసారి రక్తపోటు చూస్తే చాలు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి మాత్రం వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ చూడవలసిందే.

సరిగా కొలిచే పద్ధతి

చేతికి చుట్టే పట్టీ కొలత తప్పితే అంకె కూడా తప్పుతుంది. పట్టీ చిన్నదైతే రక్తపోటు ఎక్కువగానూ, పెద్దదైతే తక్కువగానూ కనిపిస్తుంది. పెద్దల పట్టీని పిల్లల చేతికి చుట్టి చూసిన అంకెను నమ్మరాదు. "పిల్లల పట్టీతో చూడండి" అని అడగడానికి సంకోచించవద్దు. బిడ్డను మూడు నుంచి అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, వీపుకు ఆనుకుని, పాదాలు నేలను తాకేలా ఉంచి, కుడి చేతికి చూడాలి. ఏడుస్తున్న బిడ్డకు చూసిన అంకె లెక్కలోకి రాదు.

కొందరు పిల్లలకు ఆసుపత్రిలో అంకె సరిగానే ఉండి, ఇంటివద్ద, ముఖ్యంగా రాత్రి నిద్రలో, రక్తపోటు పెరిగి ఉంటుంది. సాధారణంగా నిద్రలో రక్తపోటు నూటికి పది పాళ్ల మేరకు తగ్గాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి తగ్గదు. ఈ దాగి ఉన్న రక్తపోటును పట్టుకోవడానికి ఒక చిన్న యంత్రాన్ని బిడ్డ నడుముకు కట్టి 24 గంటలపాటు కొంతసేపటికొకసారి కొలిపిస్తారు. అవకాశం ఉన్నచోట ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించడం మేలు.

ఎంతవరకు తగ్గించాలి?

ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 2009లో లభించింది. ఐరోపాలోని 33 వైద్యకేంద్రాల్లో 3 నుంచి 18 ఏళ్ల వయస్సు గల 385 మంది పిల్లలపై అయిదేళ్లపాటు జరిగిన పరిశోధన అది. అందరికీ రామిప్రిల్ అనే మందు ఇచ్చారు. ఒక వర్గానికి రక్తపోటును మామూలు హద్దుల్లో ఉంచారు; రెండవ వర్గానికి మరికొన్ని మందులు చేర్చి, ఆరోగ్యవంతులైన పిల్లల నడిమి స్థాయికంటే కిందికి తగ్గించారు. మొదటి వర్గంలో నూటికి సుమారు 42 మందికి మూత్రపిండాల పనితీరు సగానికి పడిపోవడమో, పూర్తిగా విఫలం కావడమో జరిగింది. రెండవ వర్గంలో ఆ సంఖ్య నూటికి 30 మాత్రమే. రక్తపోటును గట్టిగా అదుపు చేయడం వల్ల డయాలసిస్ అవసరాన్ని వాయిదా వేయవచ్చునని దీనివల్ల రుజువైంది.

మందుల విషయంలో జాగ్రత్తలు

ఎనలాప్రిల్, రామిప్రిల్ వర్గపు మందులు రక్తపోటుతోపాటు మూత్రంలో మాంసకృత్తులు పోవడాన్నీ తగ్గిస్తాయి. అవసరాన్నిబట్టి ఆమ్లోడిపిన్ వంటివీ, మూత్రం ఎక్కువగా వచ్చే మందులూ చేరుస్తారు. మొదటి వర్గపు మందులు వాడుతున్నప్పుడు రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ ఎంత ఉన్నాయో వైద్యుడు చెప్పిన గడువులో పరీక్షించుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఆ మందును కొద్దిరోజులు ఆపమని ఆయన చెప్పవచ్చు. ఈడు వచ్చిన ఆడపిల్లల విషయంలో ఈ మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయన్న సంగతి తల్లులు ఎరిగి ఉండాలి.

అంకె బాగున్నదని మందు మానరాదు. మందు వాడుతున్నందువల్లనే అంకె బాగున్నది. పండుగకు స్వగ్రామం వెళ్లేటప్పుడు కనీసం రెండు వారాలకు సరిపడా మందులూ, వైద్యుని చీటీల దస్త్రమూ వెంట ఉంచుకోవాలి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి కొనే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు చేటు. ఏ దినుసులు కలిపారో తెలియని నాటుమందులూ అంతే.

ఉప్పు సంగతి

పెద్దవారికైనా రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పిల్లలకు అంతకన్నా తక్కువే చాలు. మన ఇళ్లలో ఉప్పు కూరలోకన్నా ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల రూపంలో ఎక్కువగా చేరుతుంది. బేకరీ మిక్చరు, చిప్స్, నూడిల్స్ పొట్లాలు దానికి తోడు. బిడ్డకొక్కరికే వేరుగా వండి పెడితే ఆ బిడ్డ చిన్నబుచ్చుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించుకుంటే అందరికీ మేలు.

రెండు హెచ్చరికలు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండ రోగికి అది ప్రాణాంతకం కావచ్చు. రెండవది, పుట్టుకతో మూత్రపిండ లోపం ఉన్న కొందరు పిల్లల శరీరం ఉప్పును మూత్రంలో అధికంగా పోగొట్టుకుంటుంది. అటువంటి వారికి ఉప్పు తగ్గిస్తే హాని. కాబట్టి వైద్యుని అడిగిన తరువాతనే మార్పు చేయాలి.

ఎక్కడ చూపించుకోవాలి?

తొలి పరీక్షలకు సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ, కోలారులోని ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రీ అందుబాటులో ఉన్నాయి. తమకలోని ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి వైద్య కళాశాలకు అనుబంధమైనది. పిల్లల మూత్రపిండ నిపుణులు అవసరమైనప్పుడు బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రి, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ వంటి చోట్లకు పంపుతారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ పాఠశాలలకూ వచ్చే వైద్యబృందానికి బిడ్డ వ్యాధి సంగతి తప్పక చెప్పాలి.

నెలకు 21,000 రూపాయలకు మించని వేతనంతో ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్న కార్మికుల పిల్లలకు ఆ పథకం కింద వైద్యం లభిస్తుంది. ఆయుష్మాన్ భారత్ కార్డు ఇతర రాష్ట్రాల్లో కూడా చెల్లుతుంది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చులకే. నెలనెలా వాడే మాత్రలు జన ఔషధి కేంద్రాల్లో చౌకగా దొరుకుతాయి.

తీవ్రమైన తలనొప్పి, ఆగని వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛ, ఊపిరి అందకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. అయితే చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించకుండానే రక్తపోటు మూత్రపిండాలను తినివేస్తుంది. కనుక ఒక చిన్న పుస్తకంలో తేదీ, రక్తపోటు, బరువు, ఎత్తు, మందుల మోతాదు రాసి ఉంచండి. ఊరు మారినా, వైద్యుడు మారినా ఆ పుస్తకం బిడ్డ వెంట ఉంటే చికిత్స తెగిపోదు.