ఈకల పురుగు

పిల్లలూ! గాలానికి వానపామును గుచ్చి చేపలు పట్టేవాళ్లను మీరు చూసే ఉంటారు. వానపాము లేకుండా, వట్టి ఈకముక్కతో చేపను పట్టవచ్చునంటే నమ్ముతారా?

క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత ఒక వింత రాశాడు. మాసిడోనియా దేశపు జాలరులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టేవారట. చేప దాన్ని ఈగ అనుకొని మింగేదట! మనవాళ్లూ తక్కువ తినలేదు. 12వ శతాబ్దంలో కల్యాణి నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో గాలపు వేటను గురించీ, చేపల మేతలను గురించీ వివరించాడు.

అయితే ఏ చేపకు ఎలాంటి పురుగును కట్టాలి? చేప నోరు చూస్తే సగం తెలిసిపోతుంది.

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వానలు తక్కువ పడే సీమ. అక్కడ చెరువు నిండితే పండుగే. అలాంటి చెరువులో నాచు చాటున కొర్రమీను పొంచి ఉంటుంది. దాని నోరు పెద్దది. కప్పనైనా గుటుక్కున మింగుతుంది. కనుక దానికి బెండుతో చేసిన కప్పబొమ్మ కావాలి. నీటిమీద అది 'బుడుంగు'మని కదలాలి. అమెరికాలో బాస్ అనే పెద్దనోటి చేపకూ ఇలాంటి బొమ్మనే వేస్తారు.

పరిగెల నోరు చిన్నది. వాటికి బియ్యపుగింజంత పురుగు చాలు. తొలివాన కురిసిన సాయంత్రం ఉసిళ్లు లేచి నీళ్లలో పడతవి. చేపలు వాటికోసం పైకి వస్తవి. ఆ వేళ ఉసిరులాంటి ఈకల పురుగే మేలు. బొచ్చె చేప మాట వేరు. అది నీటిలో తేలే సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది కనుక ఈకల పురుగును అంతగా లక్ష్యపెట్టదు.

కొత్తనీరు ఎర్రగా, బురదగా ఉంటే రంగులు కనబడవు. అప్పుడు చేపకు దారి చూపేది దాని ఒంటి ప్రక్కన ఉండే గీత! నీటిలోని చిన్న కదలికను కూడా ఆ గీత పసికడుతుంది. అందుచేత బురదనీటిలో రంగుకన్న కదలిక ముఖ్యం.

ఒక్కొక్కప్పుడు ఆకలి లేకపోయినా కొర్రమీను గాలంమీదికి దూకుతుంది. ఎందుకో చెప్పండి చూద్దాం! వానాకాలంలో దాని పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైన తిరుగుతవి. తల్లీ తండ్రీ వాటికి కాపలా కాస్తవి. దగ్గరికి ఏది వచ్చినా శత్రువే అనుకొని కరుస్తవి. అప్పుడు వాటిని పట్టేస్తే, ఆ పిల్లలు ఇతర చేపలకూ, కొంగలకూ ఆహారమైపోతవి. మరుసటి ఏడు ఆ చెరువులో కొర్రమీనులు ఎక్కడినుంచి వస్తవి?

ఈసారి పెద్దవాళ్లతో చెరువుగట్టుకు వెళ్లినప్పుడు నీటిని కాసేపు పరికించండి. ఏ పురుగు వాలుతున్నదో, ఏ చేప పైకి వస్తున్నదో చూడండి. ఎర్రటి పిల్లల గుంపు కనబడితే మాత్రం గాలం చుట్టేయండి. ఏ ఎర వేయాలో తెలిసినవాడికి, ఎప్పుడు వేయకూడదో కూడా తెలియాలి.