నల్లమల కుటీరమున తొలిరాత్రి

పలనాటి మైదానమున పుట్టి పెరిగినవారికి కొండ యనగానే మొదట స్ఫురించునది కోటప్పకొండ. శివరాత్రినాడు ప్రభల వెలుగులో, లెక్కకు మిక్కిలియైన జనుల నడుమ జాగరణము చేసి, కొండమీద రాత్రి గడపితిమని చెప్పుకొనువారు నరసరావుపేటలో ఎందరో కలరు. అది భక్తికి సంబంధించిన మాట. చుట్టుపట్ల దీపము, అంగడి, బస్సు లేని కొండచరియలో ఒక చిన్న కుటీరమున తలుపు వేసికొని పండుకొనుట వేరు. ఈ రెండవదానికి ఎట్లు సిద్ధపడవలెనో మేము ఇచ్చట వివరింపదలచినాము.

ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములందు ఇట్టి కుటీరములు కట్టుట ఒక సంప్రదాయము. స్విట్జర్లాండు పర్వతారోహకుల సంఘము 1863లో ఏర్పడి, ఆ యేడే తన తొలి కుటీరమును నిర్మించినది. నేడు ఆ సంఘమునకు 150కి పైగా కుటీరములున్నవి. మనకట్టి వ్యవస్థ లేదు. మాచర్ల నుండి ఎఱ్ఱగొండపాలెము మీదుగా దోర్నాల చేరి, అచ్చటినుండి ఆత్మకూరు త్రోవ పట్టినచో, నల్లమలలో బైర్లూటి యను చోట అటవీశాఖవారి విడిది యున్నది. నంద్యాల, గిద్దలూరుల నడుమ పచ్చర్లలో మఱియొకటి కలదు. కుటీరములు, గుడారములు, దారి చూపుటకు చెంచులు, ఇదియే అచ్చటి సంపద.

మొదటి పని అనుమతి. నల్లమలలో అధికభాగము నాగార్జునసాగరు–శ్రీశైలము పెద్దపులుల అభయారణ్యము. రాష్ట్రవిభజనకు పూర్వము ఇది గుంటూరు జిల్లాతో కూడ అయిదు జిల్లాలలో వ్యాపించి యుండెను. 2014 తరువాత కృష్ణ కావలిభాగము తెలంగాణమునకు చేరినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేనిదే ఇట్టి అడవులలో ప్రవేశింపరాదు. కావున విడిది ముందుగా కుదుర్చుకొని, వెలుగుండగనే చేరవలెను. రాత్రివేళ ఘాటుమార్గములందు అటవీశాఖవారు గేట్లు మూసివేయుదురు. మధ్యాహ్నము భోజనము చేసి తీరికగా బయలుదేరు అలవాటు మనవారికి మెండు. ఈ ప్రయాణమునకు అది పనికిరాదు.

ఏ త్రోవను పోవుచున్నారో, ఎన్నటికి తిరిగి వత్తురో ఇంటివద్ద ఒకరికి వ్రాసి ఇచ్చి పోవలెను. జేబులోని ఫోను అడవిలో చాలచోట్ల మూగవోవును. సహాయమునకు 108కి పిలువవచ్చునను ధైర్యము ఊరిలో నుండదగినదే కాని, సంకేతము అందని లోయలో దానివలన ప్రయోజనము లేదు.

ఇక పడక సంగతి. దీనిని కొంత విస్తరించి చెప్పుట అవసరము. అడవి యనగానే ఇంటిల్లిపాది పెద్దపులిని గూర్చి భయపడుదురు. పులి కుటీరముల తలుపులు తట్టదు. భయపడదగినది కట్లపాము. ఇది రాత్రించరము. నేలపై పండుకొన్నవారి ప్రక్కలోనికి ప్రాకివచ్చి, నిద్రలో కదలినపుడు కఱచును. దాని కోఱలు చిన్నవి. గాటు కంటికి కనబడకపోవచ్చును, నొప్పియు అంతగా నుండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వ్రాలుట, మ్రింగలేకపోవుట, ఊపిరి బరువగుట కనిపించును. అజీర్ణమని వాము నమలించి ఊరకుండిన కుటుంబములు చేజేతుల ప్రాణము పోగొట్టుకొనును.

దీనికి విరుగుడు మిక్కిలి చౌకైనది, దోమతెర. మంచము మీద పండుకొని, తెర అంచులను నలువైపుల పఱుపు క్రిందికి దోపవలెను. వ్రేలాడవిడిచిన తెర దోమలనైన ఆపదు. మంచము లేనిచో నేలమీదనే చాపక్రిందికి తెరను బిగువుగా దోపి పండుకొనవచ్చును. బయటికి వెళ్లవలసివచ్చినపుడు ముందు దీపము, తరువాత పాదము. చెప్పులను దులిపి తొడుగుకొనవలెను. వానిలో తేళ్లు దూరును.

పాము కఱచినదని అనుమానము కలిగినచో కోయరాదు, పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. కఱచిన అవయవమును కదలకుండ ఉంచి, వేళ గుర్తుంచుకొని, ఆసుపత్రికి చేర్చవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమునకు పనిచేయు మందు ఒక్కటే. అది ఆసుపత్రిలో నుండును గాని, మంత్రగాని సంచిలో నుండదు. ఆ మందు గల ఆసుపత్రి ఆత్మకూరా, మార్కాపురమా, నంద్యాలయా యని బయలుదేరుటకు ముందే విచారించి ఉంచుకొనవలెను.

భోజనమును గూర్చి మన గృహిణులకు చెప్పవలసినది తక్కువ. పులిహోర, ఎండిన జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, వేరుసెనగలు, బెల్లము ఒకటి రెండు దినములకు చాలును. అయితే తినగా మిగిలినది పండుకొను గదిలో ఉంచరాదు. మెతుకులకు ఎలుకలు వచ్చును, ఎలుకలకై పాములు వచ్చును. మూత బిగువైన డబ్బాలోనే ఉంచవలెను. ఎంగిలాకులు, ప్లాస్టిక్ సంచులు తిరిగి ఊరికే తీసికొని రావలెను. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల నీరు లెక్క వేసికొనుడు. సెలయేటి నీరు ఎంత తేటగా నున్నను మరగించిన తరువాతనే త్రాగవలెను. ఎండకాలమున ఎండుటాకులలో పడిన నిప్పురవ్వ కొండకొండనే కాల్చివేయును గనుక, విడిదివారు చూపిన చోట తప్ప పొయ్యి పెట్టరాదు.

రెంటచింతల ఎండలు ఎఱిగినవారు చలిని తక్కువగా అంచనా వేయుదురు. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుననుట నిజమే. కాని నల్లమలలో 900 మీటర్లు దాటిన శిఖరములు బహుస్వల్పము; విడుదులు వానికి చాల దిగువన నున్నవి. అచ్చట చలికి కారణము వేరు. మార్గశిర పుష్యములలో ఆకాశము నిర్మలముగా నుండుటచే నేల తన వేడిమిని త్వరగా కోల్పోవును. చల్లబడిన గాలి బరువెక్కి చరియలనుండి జారి లోయ అడుగున నిలుచును. కావున తెల్లవారుజామున లోయలోని కుటీరమున దంతములు కొట్టుకొనును. మన గొఱ్ఱెలకాపరుల గొంగడి దీనికి తగిన వస్త్రము. అది తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొనును, గాలి నాపును. ప్రయాణమునకు నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అనుకూలము. వానకాలమున అభయారణ్యములలో కొన్ని నెలలు సందర్శకుల ప్రవేశము నిలిపివేయుదురు.

సామాను సంగతి క్లుప్తముగా చెప్పుదుము. ఇనుపపెట్టెలు వద్దు, రెండు భుజములకు తగిలించుకొను సంచి, రెండు చేతిదీపములు, వానికి అదనపు బ్యాటరీలు, అగ్గిపెట్టె, నిత్యము వాడు మందులు చాలును. రేడియో తీసికొనిపోదుమాయని అడుగువారుందురు. తీసికొనిపోవచ్చును. చీకటిపడిన పిమ్మట ఆకాశమందలి ఒక పొర తొలగిపోవుటచే మధ్యతరంగ ప్రసారములు దూరదేశములనుండి కూడ వినవచ్చును. వాతావరణ వార్త తెలిసికొనుట మంచిది. వార్త వినగనే ఆపివేయుడు. అడవిలో రాత్రి వినవలసినవి వేరుగా నున్నవి. దుప్పి యొక్కసారి కూసినచో లెక్కలేదు. దుప్పి, కణుజు, కొండముచ్చు వరుసగా అరచినచో చిఱుతయో పులియో ఆ త్రోవను పోవుచున్నదని చెంచువాడు చెప్పును.

ఆ చెంచు మాట పాటింపవలెను. వారు ఈ కొండల పూర్వనివాసులు. వారి గూడెము మనకు వింతల ప్రదర్శనము కాదు. అడుగక వారి ఇండ్లలో తొంగిచూచుట, ఛాయాచిత్రములు తీయుట మర్యాద కాదు. ఇప్పపూలు రాలు దినములలో వేకువన చెట్లవైపు పోవద్దని వారు చెప్పుదురు. ఆ పూలకై ఎలుగుబంటి వచ్చును. ఎదురుపడిన ఎలుగు పులికన్న తొందరపాటు గలది.

ఇంటికి వచ్చిన పిదప ఒక జాగ్రత్త మిగిలియున్నది. మన్యపు మలేరియా కుట్టిన నాడే బయటపడదు. సాధారణముగా వారము పదిదినములు మొదలు రెండు వారములకు, ఒక జాతిది కొన్ని నెలలకు కూడ తలయెత్తును. ఆ కాలములో చలిజ్వరము వచ్చినచో గురజాలలోనైనను గుంటూరులోనైనను వైద్యునితో మొదట చెప్పవలసిన మాట, అడవిలో నిద్రించి వచ్చితిమని. అప్పుడాయన రక్తపరీక్షను మఱునాటికి వాయిదా వేయడు.