పది కర్రల మోపు

మా ఇంట్లో గుడ్డల బీరువాలో, పెళ్ళినాటి పట్టుచీర మడతలో ఒక కాగితం ఉంది. అందులో నాలుగే నాలుగు వాక్యాలు. స్వంత కారణాలవల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానన్నది వాటి సారాంశం. తేదీ మాత్రం వెయ్యలేదు. మొన్న సంక్రాంతి వెళ్ళిన మర్నాడు రాశాను. ఈ సంగతి మావారికి తెలియదు. ఇది అచ్చయ్యాక తెలుస్తుంది. ఆయన ఏమంటారో తెలుసుకోవడానికి, సీరియల్ పాఠకుల్లాగే నేనూ వచ్చేవారం దాకా ఆగాలి!

నేను కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్లు చూస్తాను. పదహారేళ్ళ సర్వీసు. అదిగాక కథలు రాస్తాను. 'రాసేదాన్ని' అంటే న్యాయంగా ఉంటుందేమో. ఆ కాగితం రాసేనాటికి నా కథ ఒకటి పదకొండు నెలలుగా తొమ్మిదో పేజీలో ఆగిపోయి ఉంది. అది గోదావరి మీద లాంచీ నడిపే ఒక సరంగు కథ. పాపం, ఆ సరంగు పదకొండు నెలలూ నట్టేట్లోనే ఉండిపోయాడు.

దీనికంతకీ కారణం ఉద్యోగమేనని నా నిశ్చితాభిప్రాయం. పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు కదిలితే సాయంత్రం ఆరున్నరకి చేరతాను. వంటా, వడ్డనా, మా అబ్బాయి ఇంటర్మీడియెట్ చదువూ, మా అత్తగారి మోకాలి నొప్పికి తైలమూ అయ్యాక పది దాటుతుంది. అప్పుడు కలం పట్టుకుంటే కాగితం మీద అక్షరాలకి బదులు ఆఫీసు లెడ్జరు కనిపిస్తుంది. ఉద్యోగం మానేస్తే తప్ప రాయలేననిపించింది. మానేస్తే ఇల్లు గడవడం ఎలాగన్నది మరో ప్రశ్న. ఈ రెంటి మధ్యా నలిగి పుట్టిందే ఆ నాలుగు వాక్యాల కాగితం.

వేసవి సెలవులకి మా అక్కయ్య కూతురు బెంగుళూరునుంచి వచ్చింది. ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక సంచీలోంచి పేక లాంటిది తీసి, "పిన్నీ, టారో వేద్దామా?" అంది.

"నాకు జోస్యాల మీద నమ్మకం లేదే" అన్నాను.

"జోస్యం కాదు పిన్నీ. నిన్నేదో తినేస్తోంది. అదేమిటో నువ్వు ఎవరికీ చెప్పవు. కనీసం ఈ బొమ్మలకైనా చెప్పు."

నాకు మా చిన్నప్పుడు గుడి దగ్గర చెట్టు కింద కూచునే చిలకజోస్యుడు గుర్తొచ్చాడు. చిలక ముక్క తీసేది, ఆయన చదివేవాడు. ఇక్కడ ముక్క తీసేదీ నేనే, చెప్పేదీ నేనేనట. చిలకా నేనే, జోస్యుడూ నేనే!

ఊరికే నమ్మే స్వభావం కాదు గనక ముందు ఈ టారో పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. ఇది పుట్టింది జోస్యానికి కానే కాదు, పేకాటకి. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో మొదలైన ఆట. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మనకి తెలిసిన పేకలాంటివే. కలశాలు, కర్రలు, కత్తులు, నాణేలు అని నాలుగు రంగులు. తక్కిన 22 బొమ్మ ముక్కలు. అందులో ఒకటి వెర్రివాడి ముక్క. మిగిలిన 21 ఆటలో తురుపులన్నమాట. మూడు వందల ఏళ్ళు జనం హాయిగా ఆడుకున్నాక, 1781లో ఒక ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. ఆ తరవాత నలభై ఏళ్ళకి చదవగలిగారు గాని, టారో ఊసు అందులో ఎక్కడా లేదు. కాని జోస్యం మాత్రం అప్పటికే స్థిరపడిపోయింది.

మా పిల్ల తెచ్చిన పేక 1909లో లండన్‌లో అచ్చయిన దానికి నకలు. దాని వెనక కథ విన్నాక నాకు ముక్కలమీద కన్న, వాటిని తయారుచేసిన ఇద్దరిమీదా ఆసక్తి ఎక్కువయింది. ఏ బొమ్మ ఎలా ఉండాలో చెప్పినాయన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. గూఢవిద్యల మీద లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి. మరి ఆయన పొట్ట పోసుకున్నది దేనితోననుకున్నారు? హార్లిక్స్‌తో! అవునండీ, మన ఇళ్ళలో పరీక్షల రోజుల్లో పిల్లలకి కలిపి ఇచ్చే ఆ హార్లిక్సే. ఆ కంపెనీవారి లండన్ కార్యాలయంలో ఆయన కొన్నేళ్ళు మేనేజరుగా పనిచేశాడు. పగలు పాలపొడి వ్యాపారం, రాత్రి పరమ రహస్యాలు!

బొమ్మలు వేసినామె పామెలా కోల్మన్ స్మిత్. ఆమె నెలజీతపు మనిషి కాదు. బొమ్మలూ, నాటకాల రంగస్థలం పనులూ, కథలు చెప్పడమూ, వీటితోనే బతుకు. కొద్ది నెలల్లో 78 బొమ్మలూ వేసింది. చాలా పెద్ద పని చేశాననీ, దానికి వచ్చిన డబ్బు మాత్రం బహు స్వల్పమనీ అప్పట్లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. ఆ పేక ప్రపంచమంతా అమ్ముడుపోయింది. చాలాకాలం దానిమీద ప్రచురణకర్త పేరూ, వెయిట్ పేరూ ఉన్నాయిగాని ఆమె పేరు లేదు. ప్రతి ముక్కలోనూ ఒక మూల అల్లిబిల్లిగా వేసుకున్న సంతకం ఒక్కటే ఆమెది. 1951లో ఇంగ్లండులో ఒక సముద్రతీరపు ఊళ్ళో అప్పులతో కన్నుమూసింది.

ఆ రాత్రి పట్టుచీర మడతలోని కాగితం నాకు కాస్త బరువుగా తోచింది. ఉద్యోగం ఉన్నవాడు గొప్పవాడనీ, లేనిది నష్టపోయిందనీ నేననను. ఇవాళ లోకం ముచ్చటపడి చూసేది ఆమె బొమ్మల్నే. కాని కళనే కూడు పెట్టమని అడిగితే అదెంత బేరంలో పడుతుందో ఆమె చూసింది. అంతదూరం ఎందుకు, మా కాకినాడ పి.ఆర్. కళాశాలలో సైన్సు పాఠాలు చెప్పిన పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కే 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. పాఠాలు ఆ కథకి అడ్డు రాలేదు. మరి నాకు అడ్డొస్తున్నదేమిటి?

"మూడు ముక్కలు తియ్యి పిన్నీ. మొదటిది నీ ఉద్యోగం, రెండోది నీ రాత, మూడోది ఆ రెంటి మధ్యా ఉన్నది" అంది పిల్ల.

కలిపాను, కోశాను, తీశాను.

మొదటిది నాణేల రెండు. ఒక కుర్రాడు రెండు నాణేల్ని గారడీవాడిలా రెండు చేతుల్లో ఆడిస్తున్నాడు. వెనక సముద్రంలో పెద్ద కెరటాలు, వాటిమీద ఓడలు. రెండోది నాణేల ఎనిమిది. ఒక పనివాడు బల్లమీద కూచుని సుత్తీ ఉలీ పట్టుకుని నాణెం చెక్కుతున్నాడు. చేసినవి వరసగా స్తంభానికి తగిలించి ఉన్నాయి. ఊరెక్కడో దూరంగా ఉంది. అతణ్ణి చూసేవాళ్ళుగాని మెచ్చుకునేవాళ్ళుగాని లేరు.

మూడోది కర్రల పది. ఒక మనిషి పది పొడుగాటి కర్రలు రెండు చేతులా కావలించుకుని, నడుం వంగిపోయి ఊరివైపు నడుస్తున్నాడు. మొహం కర్రల్లో దూరిపోయింది. ఎదరి దారి అతనికి కనిపించదు.

"ఇదే ఉద్యోగం" అన్నాను వెంటనే.

"ఉద్యోగం ఒక్క కర్రే కదా పిన్నీ. తక్కిన తొమ్మిదీ ఏవిటి?"

లెక్కలమనిషిని. కాగితం తీసుకుని వరసగా రాశాను. ఒకటి ఆఫీసు. రెండు ఇల్లు. మూడు అబ్బాయి చదువు. నాలుగు అత్తగారి మోకాలు. ఇవి దింపేవి కావు, దింపాలనీ లేదు. ఐదు మా అపార్టుమెంటు సంఘం జమాఖర్చులు. ఆరు ఆఫీసు ఆడవాళ్ళ చీటీ లెక్క. ఏడు పక్కసీటాయన టి.ఏ. బిల్లులు. ఎనిమిది మా ఆడపడుచు ఇంటిఋణం కాగితాలు. తొమ్మిది, జులై వచ్చిందంటే చుట్టాలందరి ఇన్‌కంటాక్సు రిటర్నులు. పదోది ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఐదునుంచి తొమ్మిదిదాకా చూసుకుంటే నాకే సిగ్గేసింది. అందులో ఒక్కటీ జీతానికి చేసేది కాదు. కథకోసం చేసేదీ కాదు. "నీకైతే చిటికెలో పని" అని ఎవరో అంటారు, నేను పొంగిపోతాను. అదీ పదో కర్ర, ఆ పొగడ్త! నేనే ఉద్యోగం మానేస్తే ఏమవుతుందో అప్పుడు కళ్ళకి కట్టింది. "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ ఈ ఐదు కర్రలూ పదిహేనవుతాయి. సరంగు నట్టేట్లోనే ఉంటాడు. పైగా జీతం ఉండదు.

ఇదంతా ముక్కల మహిమ అనుకునేరు! మర్నాడు రాత్రి పరీక్ష చేశాను. అదే ప్రశ్న, అదే పేక. పూర్తిగా వేరే మూడు ముక్కలు వచ్చాయి. వాటికీ ఏదో అర్థం చెప్పుకోవచ్చు. ముక్కకి నా సంగతి ఏమీ తెలియదు. కాని ఆ బొమ్మ అడ్డం పెట్టుకుని నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఊళ్ళో అందరి లెక్కలూ చూసేదాన్ని, నా లెక్క పదహారేళ్ళలో అదే మొదటిసారి చూడడం.

అందుచేత చెల్లెళ్ళకీ, తమ్ముళ్ళకీ నేను చెప్పేదొక్కటే. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పాడుకునేవాళ్ళూ, బొమ్మలు వేసుకునేవాళ్ళూ మీలో ఉంటారు. టారో సరదా అయితే వేసుకోండి. డబ్బిచ్చి ఎవరిచేతా చెప్పించుకోకండి. "ఉద్యోగం మానెయ్యనా, వద్దా?" అని ముక్కని అడక్కండి. ఆ మాట ఇంట్లోవాళ్ళతో, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని తేల్చుకోవలసింది. "నేను మోస్తున్నదేమిటి?" అని అడగండి. పేక లేకపోయినా ఫరవాలేదు, ఒక పెన్సిలుముక్క చాలు.

అపార్టుమెంటు లెక్కలు మూడో అంతస్తులోని రిటైరయిన మాస్టారికి అప్పగించాను. ఆయన నాకన్న శుభ్రంగా రాస్తున్నారు. చీటీ మరొకావిడ చూస్తోంది. తెల్లవారుజామున ఐదునుంచి ఆరుదాకా ఒక గంట నాకు మిగిలింది. తొమ్మిదో పేజీ పధ్నాలుగోది అయింది. సరంగుకి ఒడ్డు కనిపిస్తోంది.

అన్నీ సుఖంగా జరిగాయనను. జులైలో మా పెద్ద మేనత్త ఎప్పటిలాగే కాగితాలన్నీ పంపి ఫోను చేసింది. "ఈ ఏడాదికి ఆడిటరుచేత చేయించుకో అత్తయ్యా. నాకు తీరిక లేదు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. "అలాగేలే తల్లీ, పెద్దదానివయ్యావు" అని పెట్టేసింది. ఆవిడ మళ్ళీ నాకు ఫోను చెయ్యలేదు. కర్ర దింపడమంటే చేతులు తేలికపడడమే కాదు, అది ఎవరి కాలిమీదో పడుతుందని కూడా అప్పుడే తెలిసింది. ఈ ఆదివారం పూతరేకులు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళదామనుకుంటున్నాను.

కాగితం మాత్రం పట్టుచీర మడతలోనే ఉంది. చింపలేదు. తేదీ కూడా వెయ్యలేదు.