భద్రతా నియమాలు – మితము, అమితము

నిప్పును ఉపయోగించడం నేర్చుకొన్న మానవుడు దానికి భయపడడం కూడా నేర్చుకొన్నాడు. ఆ భయం నుండి జాగ్రత్త పుట్టింది. ఆ జాగ్రత్త పదిమందికీ వర్తించినప్పుడు నియమమైంది. భద్రతా నియమాలు ఆధునిక ప్రభుత్వాల కల్పన అని పలువురు భావిస్తారు. కాని కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరపాలనను వివరించే అధ్యాయంలోనే ఇటువంటివి అనేకం కనిపిస్తాయి. వేసవిలో పగటివేళ నిర్ణీత సమయంలో ఇంట నిప్పు రాజేయరాదు. ప్రతి గృహస్థుడూ నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం, తోలుతిత్తి సిద్ధంగా ఉంచుకోవాలి. వీధులలో నీటికుండలు వేలకొలదిగా బారులు తీర్చి ఉండాలి. ఉల్లంఘించినవారికి జరిమానా తప్పదు. పొయ్యి వెలిగించుకోవడానికి సైతం రాజాజ్ఞ కావాలా అని ఆనాటి గృహస్థుడు విసుగుకొనే ఉంటాడు. ఆ విసుగు నేటికీ తగ్గలేదు.

శిరస్త్రాణం లేదని జరిమానా కట్టిన యువకుడు, రిజిస్టర్లు నింపలేక సతమతమయ్యే చిన్న పరిశ్రమ యజమాని, పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోవడానికి సంకోచించే ఉపాధ్యాయుడు – వీరందరి నోటా ఒకే మాట వినిపిస్తుంది. నియమాలు మితిమీరిపోయాయని వారి ఆవేదన. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. అలాగని విచారించకుండా అంగీకరించనూ రాదు.

ఈ చర్చ అత్యధికంగా జరిగిన దేశం బ్రిటన్. అక్కడ గనులకు, కర్మాగారాలకు వేరువేరుగా చేసిన చట్టాలు కాలక్రమంలో గుట్టలుగా పేరుకొన్నాయి. వాటిని పరిశీలించిన రాబెన్స్ సంఘం 1972లో తన నివేదిక సమర్పించింది. చట్టాలు మరీ ఎక్కువ కావడమే ఒక ప్రధాన లోపమని ఆ సంఘం తేల్చింది. ప్రతిదీ చట్టమే చెబుతుందనుకొన్నప్పుడు పనిచేసేవారు, చేయించేవారు తమ బాధ్యతను మరచిపోతారని హెచ్చరించింది. ఆ నివేదిక ఫలితంగా 1974లో వెలువడిన చట్టం యజమానిపై భద్రతాభారాన్ని మోపుతూనే, అది సహేతుకంగా ఆచరణసాధ్యమైనంత మేరకు అని హద్దు కూడా నిర్ణయించింది. ప్రమాదం ఎంత పెద్దదో, దాని నివారణకయ్యే వ్యయప్రయాసలు ఎంతటివో తూచి చూడాలన్నది అందులోని ధర్మసూక్ష్మం.

అయినను పరిహాసాలు ఆగలేదు. బ్రిటన్ పిల్లలు ఒక చెట్టు కాయలకు దారం గుచ్చి, ఒకరి కాయతో మరొకరి కాయను కొట్టి పగులగొట్టే ఆట ఆడుతారు. ఆ ఆటకు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి అయ్యాయన్న ప్రచారం 2000 తరువాతి దశకంలో అక్కడ పెద్ద హాస్యవస్తువైంది. భద్రతా చట్టాలను అమలుజరిపే సంస్థయే కలుగజేసుకొని, అటువంటి నియమమేదీ లేదని ప్రకటించవలసివచ్చింది. దీనినుండి గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. మనం అతి అని భావించేవాటిలో కొన్ని చట్టంలో ఉండవు. నింద తమపైకి వస్తుందేమోనన్న భయంతో అధికారులో, సంస్థలో వాటిని కల్పిస్తాయి. అటువంటి నియమం ఇతరులను రక్షించడానికి గాక తమను తాము రక్షించుకోవడానికే పుడుతుంది.

ఇక మనదేశం సంగతి వేరు. ఇక్కడ నియమం లేకపోవడం కంటె, ఉన్న నియమం కాగితంపైనే మిగిలిపోవడం ఎక్కువ ప్రాణాలను బలిగొన్నది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు వెలువడి వేలమంది మరణించారు. ఆ రసాయనాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రాన్ని అంతకు కొన్ని నెలల ముందే ఆపివేశారు. వెలువడిన వాయువును మండించివేయవలసిన గొట్టపు మార్గం మరమ్మతు కోసం విడదీయబడి ఉంది. రక్షణ సాధనాలు లేక కాదు, అవి పనిచేసే స్థితిలో లేక ఆ ఘోరం సంభవించింది. ఆ తరువాతనే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మన విశాఖపట్నంలోనూ ఇటువంటి దుర్ఘటన జరిగింది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఒక కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న జనాన్ని చుట్టుముట్టింది. 12 మంది మరణించారు. ప్రమాద సమయంలో హెచ్చరిక సైరను మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం గుర్తించింది. సైరను ఏర్పాటు చేయాలన్న నియమం ఎవరికి భారం? యజమానికి. అది మోగనందువలన కలిగిన నష్టం ఎవరిది? గోడకు ఆవల నిద్రిస్తున్న గ్రామస్థులది. నియమాన్ని భారమనేవారు ఒకరు, అది లేనప్పుడు బలి అయ్యేవారు మరొకరు. ఈ వ్యత్యాసాన్ని గుర్తించకుండా నియమాలు ఎక్కువా తక్కువా అని వాదించడం వ్యర్థం.

శిరస్త్రాణం విషయంలో కూడా ఇదే పరీక్ష పెట్టి చూడవచ్చు. ద్విచక్ర వాహనంపై ప్రయాణించేవారు దానిని ధరించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఆదేశించింది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఇచ్చింది. అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన పరిశోధకులు, శిరస్త్రాణం వలన మరణాలు సుమారు 42 శాతం, తలగాయాలు సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చారు. నా తల నా ఇష్టమని యువకుడు అనవచ్చు. కాని అతడు పడిపోయిననాడు మంచం పక్కన కూర్చొనేది తల్లిదండ్రులు, చికిత్స కోసం అప్పు చేసేది కుటుంబం. కొద్దిపాటి అసౌకర్యానికి ఇంతటి ఫలమున్న నియమాన్ని మితిమీరినదనడం న్యాయం కాదు.

అలాగని సంస్కరణ అక్కరలేదని కాదు. ఒకే వివరాన్ని నాలుగు పుస్తకాలలో వ్రాయించే నియమం ఎవరి ప్రాణాన్నీ కాపాడదు. 13 కేంద్ర చట్టాలను కలిపి పార్లమెంటు 2020లో ఒకే స్మృతిగా ఆమోదించింది. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ఈ ఏకీకరణ మెచ్చదగినది. కాని విద్యుత్తు వాడే కర్మాగారం అన్న నిర్వచనానికి కావలసిన కార్మికుల సంఖ్యను అదే స్మృతి 10 నుండి 20కి పెంచింది. యజమానికి అది ఊరట కావచ్చు. పదిహేను మంది పనిచేసే చోట యంత్రంలో చేయి చిక్కుకొన్న కార్మికుని బాధ మాత్రం పెద్ద కర్మాగారంలోని కార్మికుని బాధకంటె తక్కువది కాదు. కాగితాలను తగ్గించడం ఒకటి, రక్షణను తగ్గించడం మరొకటి. మొదటిదాని పేరుతో రెండవది జరగకుండా చూడడం ప్రజాస్వామ్యంలో పౌరుల విధి.

కావున ఒక నియమం మనకు విసుగు కలిగించినప్పుడు, అది ఏ ప్రమాదాన్ని నివారించడానికి ఏర్పడిందో మొదట తెలుసుకోవాలి. ఆ ప్రమాదం నేడు లేకపోతే నియమాన్ని తొలగించమని ధైర్యంగా అడగాలి. ఉన్నట్లయితే, అది తొలగిన నాడు ఎవరు నష్టపోతారో ఆలోచించాలి. రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా, యజమానులుగా, కార్మికులుగా మారబోయే విద్యార్థులు ఈ వివేచనను ఇప్పటినుండే అలవరచుకోవడం అవసరం.